24 కిలోలు తగ్గాను, అప్పటినుంచీ ఒకటే చలి. ఇది మామూలేనా?

మూడో అంతస్తు (ప్రశ్న)

అందరికీ నమస్కారం. నాకు 41 ఏళ్లు, ఎత్తు 162 సెంటీమీటర్లు. పదకొండు నెలల కిందట 88 కిలోలు ఉండేదాన్ని, ఇప్పుడు 64. మోకాళ్ల నొప్పితో మూడో అంతస్తులో ఉన్న మా ఇంటికి మెట్లెక్కడమే గగనమైపోయింది. దానికి తోడు షుగర్ పరీక్షలో మూడు నెలల సగటు 6.2 వచ్చింది. ఇంకో అడుగు పడితే షుగర్ వ్యాధేనని, బరువు తగ్గి తీరాలని డాక్టరు గట్టిగా చెప్పారు. రోజుకు 1200 క్యాలరీలకు మించకుండా లెక్క రాసుకుని తిన్నాను. రోజూ గంట నడిచాను. ఇప్పుడు మెట్లు ఆగకుండా ఎక్కుతున్నాను, సగటు 5.5కి దిగింది. ఇంతవరకూ సంతోషమే.

నన్ను వేధిస్తున్నది చలి. 72 కిలోల దగ్గర ఉన్నప్పుడు మొదలైంది. మొదట్లో పాదాలే చల్లబడేవి. తర్వాత చేతులు, ఇప్పుడు వెన్ను కూడా. బయటి చలికి ఒళ్లు వణకడం వేరు, ఇది వేరు. లోపల్నుంచి, ఎముకల్లోంచి వస్తున్నట్టు ఉంటుంది. ఎన్ని కప్పుకున్నా పైపైనే వెచ్చబడుతుంది.

ఆఫీసులో నా సీటు మీదికే ఏసీ గాలి తగులుతుంది. ఆరేళ్లుగా అదే సీటు. ఇదివరకు ఏసీ ఇంకాస్త పెంచమని అడిగేదాన్ని నేనే. ఇప్పుడు మధ్యాహ్నం మూడయ్యేసరికి వేళ్లు కొయ్యబారిపోయి టైపింగులో తప్పులు పడుతున్నాయి. శాలువా కప్పుకుని, రెండు జతల సాక్సులు వేసుకుని కూర్చుంటున్నాను. ఇంట్లో మావారికి, పాపకు ఫ్యాన్ లేనిదే నిద్ర పట్టదు. నాకు ఆ గాలి సోకితే పళ్లు టకటకలాడతాయి. అందుకని రెండు నెలలుగా నేను వేరే గదిలో రెండు దుప్పట్లు కప్పుకుని పడుకుంటున్నాను.

జ్వరం లేదు. థర్మామీటరు పెట్టి చూసుకుంటే పొద్దున 36.2, సాయంత్రం 36.6 డిగ్రీలు. జుట్టు రాలుతోంది. గట్టి కుర్చీలో కాసేపు కూర్చుంటే తుంటి ఎముకలు నొప్పెడుతున్నాయి. ఎవరికి చెప్పినా "కొవ్వంతా పోయింది కదా, చలి వేయక ఏం చేస్తుంది" అంటున్నారు. కలిసిన ప్రతివాళ్లూ ఎంత బాగున్నావో అంటుంటే, లేదండీ నాకు బాగాలేదు అని చెప్పడానికి నోరు రావడం లేదు.

మా పాపకు తొమ్మిదేళ్లు. అమ్మ పక్కన వెచ్చగా ఉంటుందని ఊహ తెలిసినప్పటినుంచీ నా పొట్టకు అతుక్కుని పడుకునేది. మొన్న జడ వేస్తుంటే నా వేళ్లు మెడకు తగిలి ఉలిక్కిపడింది. "అమ్మా, నీ చేతులు ఇంత చల్లగా ఎందుకున్నాయి? నీకేమైనా అయిందా?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. అందుకే ఇక్కడ అడుగుతున్నాను.

ఇది జబ్బా? బరువు తగ్గిన అందరికీ ఇలాగే ఉంటుందా? దానంతటదే పోతుందా, లేక వెచ్చదనం కావాలంటే మళ్లీ లావెక్కడమే దారా?

నాలుగేళ్ల నడక

అమ్మా, ముందు కంగారు పడకండి. మీరు రాసిన ప్రతి మాటా నేను అనుభవించినదే. నాలుగేళ్ల కిందట 109 కిలోల నుంచి 78కి వచ్చాను. ఆ ఏడాదంతా స్వెటర్ విప్పింది స్నానానికే.

చర్మం కింద ఉండే కొవ్వు వేడిని బయటికి పోనివ్వదు. కండలోంచి పోయే వేడిలో సగం కూడా కొవ్వులోంచి పోదు. మనం ఏళ్ల తరబడి ఒంటిమీద బొంత కప్పుకుని తిరిగినవాళ్లం. ఆ బొంతను ఒక్క ఏడాదిలో తీసేశాం. మీ తుంటి ఎముకల నొప్పి కూడా దానివల్లే, కింద ఉన్న మెత్త పోయింది. నేను ఆఫీసు కుర్చీలో దిండు వేసుకుని కూర్చునేవాణ్ణి.

నాకు తగ్గడానికి దాదాపు ఏడాదిన్నర పట్టింది. ఒకటి గమనించాను: బరువు ఇంకా తగ్గుతూ ఉన్న రోజుల్లో చలి భరించలేనంతగా ఉండేది. తగ్గడం ఆపి, ఉన్న బరువు దగ్గర నిలబడ్డాక మెల్లగా సర్దుకుంది. బరువులెత్తే వ్యాయామం మొదలుపెట్టాక ఇంకా మేలనిపించింది. కండ పెరిగితే ఒంట్లో వేడి పుడుతుంది కదా.

రోజువారీ సంగతి చెప్పాలంటే, చలి పట్టుకున్నాక కప్పుకుంటే లాభం లేదు, పట్టుకోకముందే కప్పుకోవాలి. మెడ, మణికట్లు, పాదాలు, ఈ మూడూ మూసుకుంటే చాలావరకు ఆగుతుంది. ఒక మందపాటి దానికంటే రెండు మూడు పల్చటి బట్టలు ఒకదానిమీద ఒకటి వేసుకోవడం నయం. గంటకోసారి లేచి పది నిమిషాలు మెట్లెక్కి దిగండి. పడుకునే ముందు పాదాలు వెచ్చబెట్టుకుంటే నిద్ర కూడా త్వరగా పడుతుంది.

ఒక తప్పు మాత్రం చేశాను, చెప్పాలి. వెచ్చగా ఉంటుందని ఎవరో చెబితే కొన్నాళ్లు రాత్రిళ్లు మద్యం తీసుకున్నాను. తాగగానే చర్మంలో రక్తనాళాలు వెడల్పయి వెచ్చగా అనిపిస్తుంది, కానీ అదంతా ఒంట్లోంచి బయటికి పోతున్న వేడి. తెల్లవారుజామున ఇంకా ఎక్కువ వణికేవాణ్ణి. ఆ దారి పట్టకండి.

నైట్ డ్యూటీ నర్సు

పైన అన్నయ్యగారు కొవ్వు గురించి చెప్పింది నిజమే. కానీ "కంగారు పడకండి" అన్న ఒక్క మాటతో ఆగితే నాకు భయమేస్తుంది. ఎందుకంటే మా ఇంట్లోనే అలా ఆగిపోయాం.

మా అక్క రెండేళ్ల కిందట 17 కిలోలు తగ్గింది. చలి, నీరసం అంటే సన్నబడ్డావు కదా అని నేనే అన్నాను. నర్సునై ఉండి నేనే అన్నాను. నాలుగు నెలల తర్వాత మెట్ల మీద కళ్లు తిరిగి పడితే రక్తపరీక్ష చేయించాం. హిమోగ్లోబిన్ 8.4. అందరికీ కనిపించే కారణం ఒకటి దొరికాక, దాని వెనక ఇంకొకటి ఉందేమో అని మేమెవరం చూడలేదు. ఆ తప్పు మీ విషయంలో జరగకూడదు.

ఐరన్ తక్కువైతే చలి ఎందుకు వేస్తుందంటే, ఒంట్లో వేడి పుట్టాలంటే కణాలకు ఆక్సిజన్ అందాలి. దాన్ని మోసుకెళ్లేది హిమోగ్లోబిన్. అది తయారవడానికి ఐరన్ కావాలి. పైగా ఐరన్ లోటు ఉన్నవాళ్లలో చలికి తగ్గట్టు ఒళ్లు వేడి పెంచుకునే శక్తి కూడా మందగిస్తుంది. గర్భం లేని ఆడవాళ్లకు హిమోగ్లోబిన్ 12, మగవాళ్లకు 13 కంటే తగ్గితే రక్తహీనత అని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. హిమోగ్లోబిన్ ఒక్కటే చూసి వదిలేయకండి. నిల్వలో ఎంత ఐరన్ ఉందో చెప్పేది ఫెర్రిటిన్. చేతి ఖర్చుకు డబ్బులుండి బ్యాంకులో ఖాళీ అయిపోయినట్టు, హిమోగ్లోబిన్ బాగానే కనబడి ఫెర్రిటిన్ అడుగంటి ఉండొచ్చు.

డాక్టరు దగ్గరికి వెళ్లి పూర్తి రక్తపరీక్ష, ఫెర్రిటిన్, థైరాయిడ్ కోసం టీఎస్‌హెచ్, బీ12, షుగర్ అడగండి. థైరాయిడ్ మందగిస్తే చలి వేస్తుంది గానీ మామూలుగా అప్పుడు బరువు పెరుగుతుంది. మీరు తగ్గారు కాబట్టి ఆ అనుమానం నాకు తక్కువే. అయినా చూడాల్సిందే.

కొన్ని ప్రశ్నలు. నెలసరి సక్రమంగా వస్తోందా? రక్తస్రావం ఎక్కువా? చలికి వేళ్లు తెల్లగా పాలిపోయి, తర్వాత నీలంగా, వేడి తగలగానే ఎర్రగా మారుతున్నాయా? అలా రంగులు మారితే దాన్ని రేనాడ్స్ అంటారు, అది రక్తనాళాలు బిగుసుకుపోయే వేరే సమస్య. లేచి నిలబడితే కళ్లు తిరుగుతున్నాయా? కూర్చుని ఉన్నప్పుడు నాడి నిమిషానికి ఎంత?

ఇంకొక మాట, ఇది చదివే అందరికీ. మీరు ప్రయత్నించకుండానే ఆరు నెలల్లోనో ఏడాదిలోనో ఒంటి బరువులో నూటికి ఐదు వంతుల పైన తగ్గిపోయి ఉంటే, చలి ఉన్నా లేకపోయినా డాక్టరుకు చూపించుకోండి. అది డైటింగ్ లెక్కలోకి రాదు.

బీపీ మాత్ర

మీరేమైనా మందులు వాడుతున్నారా? నేను బీపీకి అటెనలాల్ వాడేవాణ్ణి. 14 కిలోలు తగ్గాక చేతులు, కాళ్లు మంచుముద్దల్లా ఉండేవి, లేస్తే తల తిరిగేది. ఆ రకం మాత్రలు చేతులు కాళ్లకు రక్తప్రసరణ తగ్గిస్తాయట, పైగా బరువు తగ్గేసరికి నా బీపీ కూడా దిగిపోయింది. డోసు మాత్రం పాతదే నడుస్తోంది. డాక్టరు మందు మార్చాక సర్దుకుంది. షుగర్ మందులకైనా, థైరాయిడ్ మాత్రకైనా ఇంతే, బరువు మారితే డోసు ఒకసారి చూపించుకోవాలి. సొంతంగా ఆపేయకండి.

మూడో అంతస్తు

ఇంతమంది ఇంత ఓపిగ్గా రాసినందుకు కళ్లు చెమర్చాయి. మందులేమీ వాడటం లేదండీ. వేళ్లు రంగులు మారడం లేదు, ఊరికే పాలిపోయి ఉంటున్నాయి. నాడి 62. చాలాసేపు కూర్చుని లేస్తే ఒక్కోసారి కళ్లు బైర్లు కమ్ముతాయి.

నర్సమ్మగారు అడిగిన రెండో ప్రశ్న దగ్గర ఆగిపోయాను. నెలసరి సమయానికే వస్తోంది. కానీ రెండేళ్లుగా మొదటి రెండు రోజులూ రక్తస్రావం చాలా ఎక్కువ, రెండు గంటలకోసారి ప్యాడ్ మార్చుకోవాల్సి వస్తుంది. వయసు పెరుగుతోంది కదా, ఇలాగే ఉంటుందేమో అనుకున్నాను. చలికీ దీనికీ సంబంధం ఉంటుందని తట్టనే లేదు. ఇంకో విషయం, ఆకలి చంపుకోవడానికి రోజుకు ఐదారు కప్పుల కాఫీ తాగుతున్నాను, తిన్న వెంటనే కూడా. శనివారం డాక్టరు దగ్గరికి వెళ్తున్నాను.

ఫిజియాలజీ పాఠాలు

పిల్లలకు శరీరధర్మశాస్త్రం చెబుతాను. ఈ ప్రశ్న నాకు చాలా ఇష్టమైన చోట తగిలింది, కాస్త పొడుగ్గా రాస్తాను.

అందరూ బొంత గురించే మాట్లాడుతున్నారు. పొయ్యి గురించి కూడా మాట్లాడాలి. ఒంట్లో ఖర్చయ్యే శక్తి, మనం ఊరికే పడుకుని ఉన్నప్పుడు, చివరికి దాదాపుగా అంతా వేడిగానే మారుతుంది. ఆ ఖర్చును అంచనా వేయడానికి 1990లో వచ్చిన ఒక సూత్రాన్ని డైటీషియన్లు ఇప్పటికీ వాడతారు. ఆడవాళ్లకైతే బరువును 10తో, ఎత్తును 6.25తో హెచ్చవేసి కలిపి, అందులోంచి వయసుకు ఐదు రెట్లు, ఇంకో 161 తీసేయాలి. మీ అంకెలు వేసి చూశాను. 88 కిలోల దగ్గర రోజుకు సుమారు 1527 క్యాలరీలు, 64 దగ్గర 1287. తేడా 240. అంటే దాదాపు 12 వాట్ల బల్బు ఒకటి మీ ఒంట్లో రాత్రింబవళ్లు వెలుగుతూ ఉండేది, అది ఆరిపోయింది. బొంత తీసేశారు, పొయ్యిలో మంటా తగ్గింది. రెండూ ఒకేసారి జరిగాయి.

ఇది లెక్క ప్రకారం జరగాల్సిన తగ్గుదల మాత్రమే. దీని పైన శరీరం తనకు తానుగా ఇంకొంత తగ్గిస్తుంది. 1995లో అమెరికాలోని రాక్‌ఫెల్లర్ విశ్వవిద్యాలయంలో కొలిచి చూశారు. బరువులో పదో వంతు తగ్గినవాళ్లు, తగ్గిన శరీరానికి ఎంత ఖర్చవ్వాలో అంతకంటే కూడా తక్కువ ఖర్చు చేస్తున్నారని తేలింది. కొవ్వు కణాలు లెప్టిన్ అనే హార్మోన్‌ను విడుదల చేస్తాయి. దాన్ని 1994లోనే కనుక్కున్నారు. కొవ్వు తగ్గితే లెప్టిన్ తగ్గుతుంది. అది చూసి మెదడు కరువొచ్చిందనుకుని పొదుపు మొదలుపెడుతుంది. థైరాయిడ్ గ్రంథి ఇచ్చే టీ4, చురుగ్గా పనిచేసే టీ3గా మారడం తగ్గుతుంది. అందుకే డైటింగ్‌లో ఉన్నవాళ్లకు టీఎస్‌హెచ్ మామూలుగానే ఉండి, టీ3 మాత్రం కిందికి దిగి కనిపిస్తుంది. చాలామంది దీన్ని థైరాయిడ్ జబ్బనుకుని మాత్రల కోసం పట్టుబడతారు. జబ్బు కాదది, గ్రంథి బాగానే ఉంది. శరీరం కావాలనే మంట తగ్గించుకుంది.

దీనికి నేను క్లాసులో చెప్పే ఉదాహరణ ఒకటుంది. రెండో ప్రపంచయుద్ధం చివర, 1944 నవంబరులో, అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో యాన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త 36 మంది ఆరోగ్యవంతులైన యువకుల మీద ఒక ప్రయోగం మొదలుపెట్టారు. యుద్ధంలో ఆయుధం పట్టడానికి మనస్సాక్షి ఒప్పుకోక, దానికి బదులు ఈ సేవకు ముందుకొచ్చినవాళ్లు వాళ్లు. కరువుబారిన పడ్డ ప్రజలకు తిరిగి తిండి ఎలా పెట్టాలో తెలుసుకోవడం ఉద్దేశం. 24 వారాలు రోజుకు సగటున 1570 క్యాలరీల దగ్గర ఉంచి, వారానికి 22 మైళ్లు నడిపించారు. బరువులో దాదాపు పావు వంతు పోయింది. వాళ్లకు మండువేసవిలో చలి వేసింది. జులైలో అదనపు దుప్పట్లు అడిగారు. తిండి, కాఫీ పొగలు కక్కేంత వేడిగా కావాలనేవారు. వాళ్లకు జబ్బేమీ లేదు. తగినంత తిండి లేదు, అంతే.

మీరు పోగొట్టుకున్నది కూడా నూటికి 27 వంతులు. మీ ఎత్తూ బరువూ వాళ్లకంటే తక్కువ కాబట్టి అంకెకు అంకె పోల్చకూడదు. కానీ మీ శరీరం ఊరికే పడుకుని ఉంటేనే సుమారు 1287 ఖర్చు పెడుతుంది. మీరు 1200 తిని, పైగా గంట నడుస్తున్నారు. అనుకున్న బరువుకు చేరాక కూడా ఆ 1200 ఎందుకు కొనసాగుతోంది? ఇది అడగాలనే ఇంత రాశాను.

నాలుగేళ్ల నడకగారితో ఒక్క చోట నాది చిన్న తేడా. విశ్రాంతిలో కిలో కండకు రోజుకు 13 క్యాలరీలే ఖర్చు. కిలో కొవ్వుకు నాలుగున్నర. వేడిలో ఎక్కువ భాగం పుట్టేది కాలేయం, మెదడు, గుండె, మూత్రపిండాల్లో. కాబట్టి రెండు కిలోల కండ పెంచినంత మాత్రాన కూర్చున్నచోట వెచ్చబడరు. కండ విలువ కదిలినప్పుడు, వణికినప్పుడు తెలుస్తుంది. అయినా బరువులెత్తడం చాలా అవసరం. డైటింగ్‌లో పోయే ప్రతి నాలుగు కిలోల్లో ఒక కిలో దాకా కొవ్వు కానిది కూడా పోతుంది, దాన్ని కాపాడుకోవాలి.

తినే దాంట్లో ప్రోటీన్ వాటా చూసుకోండి. ప్రోటీన్‌లోని శక్తిలో నూటికి 20 నుంచి 30 వంతులు దాన్ని అరిగించుకోవడానికే ఖర్చయి వేడిగా వస్తుంది. పిండిపదార్థాలకు అది 5 నుంచి 10, కొవ్వులకు 3 లోపే. భోజనం తర్వాత కాసేపు వెచ్చగా అనిపించడం వెనక ఇదీ ఒక కారణం.

కొత్త సభ్యురాలు

ఇది చదివాక ధైర్యం వచ్చింది. నాకు 19. నాకూ ఎప్పుడూ చలే. బీఎంఐ 17 లోపుంది, నెలసరి వచ్చి నాలుగు నెలలయింది. చేతుల మీద, వీపు మీద సన్నటి నూగు వస్తోంది. నాడి 46 ఉంటోంది, బాగా ఫిట్‌గా ఉన్నానన్నమాట కదా? ఇంకో మూడు కిలోలు తగ్గాలని ఉంది. చలికి చిట్కాలుంటే చెప్పండి.

నైట్ డ్యూటీ నర్సు

తల్లీ, నీకు చిట్కాలు చెప్పను. నిన్ను కసురుకోవడం కూడా లేదు. దయచేసి చివరిదాకా చదువు.

బీఎంఐ 18.5 కంటే తగ్గితేనే తక్కువ బరువు అంటాం. నువ్వు దానికి ఇంకా చాలా కింద ఉన్నావు. నెలసరి ఆగిందంటే శరీరం గర్భాశయానికి ఇవ్వాల్సిన శక్తిని కూడా గుండెకు, మెదడుకు దాచుకుంటోందని అర్థం. అలా నెలలు గడిస్తే ఎముకలు కూడా బలహీనపడతాయి. ఆ నూగు, వెచ్చదనం దొరక్క శరీరం పడుతున్న పాటు. ఆటగాళ్ల నాడి తక్కువగా ఉండటం వేరు, తిండి లేక గుండె నెమ్మదించడం వేరు. నీ నాడి చూస్తే నాకు ఆందోళనగా ఉంది. పొటాషియం లాంటి లవణాలు తారుమారైతే గుండె లయ తప్పే ప్రమాదం ఉంటుంది.

రేపు కాదు, ఇవాళే మీ ఇంట్లో ఒకరికి ఈ మాటలు చూపించి డాక్టరు దగ్గరికి వెళ్లు. ఈసీజీ, రక్తపరీక్ష చేయమని అడుగు. కళ్లు తిరిగి పడిపోయినా, ఛాతీలో దడగా ఉన్నా నేరుగా ఎమర్జెన్సీకి వెళ్లు. ఒక్కసారిగా ఎక్కువ తినడం కూడా నీకు ఇప్పుడు ప్రమాదమే, ఎంత తినాలో వాళ్లు చెబుతారు. తినాలంటే భయంగా ఉంటే ఆ భయం కూడా వాళ్లకు చెప్పు. దానికి వైద్యం ఉంది. దాచుకోవాల్సిన తప్పేమీ నువ్వు చేయలేదు. వెళ్లొచ్చాక ఇక్కడ ఒక్క ముక్క రాయి. నేను చూస్తుంటాను.

కొత్త సభ్యురాలు

అమ్మకు చూపించాను. సాయంత్రం వెళ్తున్నాం.

మూడో అంతస్తు

ముందుగా ఆ అమ్మాయి గురించి. రెండు రోజులుగా ఈ పేజీ తెరిచి నీ మాట కోసమే చూశాను తల్లీ. వెళ్తున్నావని తెలిసి ప్రాణం కుదుటపడింది.

ఇక నా పరీక్షలు. హిమోగ్లోబిన్ 11.1. ఫెర్రిటిన్ 8. టీఎస్‌హెచ్ 2.1, బీ12 మామూలు, షుగర్ బాగుంది. ఫెర్రిటిన్ 15 కంటే తగ్గితేనే నిల్వలు ఖాళీ అయినట్టని డాక్టరు చెప్పారు. రోజు విడిచి రోజు ఒక ఐరన్ మాత్ర వేసుకోమన్నారు. రోజూ వేసుకునే దానికంటే అలా అయితే ఒంటికి బాగా పడుతుందట. మాత్రకు ముందూ వెనకా గంటసేపు కాఫీ, టీ వద్దన్నారు, అవి ఐరన్‌ను ఒంటికి పట్టనివ్వవు. మలం నల్లగా వస్తే భయపడొద్దని ముందే చెప్పడం మంచిదైంది. రక్తస్రావానికి గైనకాలజిస్టు దగ్గరికి పంపారు. స్కానింగులో గర్భాశయంలో చిన్న గడ్డ, ఫైబ్రాయిడ్ అంటారట, కనిపించింది, దానికి మందు మొదలైంది.

ఫిజియాలజీ పాఠాలుగారి ప్రశ్నకు నిజాయితీగా జవాబిస్తాను. 1200 దగ్గర ఎందుకు ఆగానంటే భయం. ఒక్క రోజు ఎక్కువ తింటే 24 కిలోలూ తిరిగి వచ్చేస్తాయన్న భయం. మీరు వేసిన లెక్కను ప్రింట్ తీసుకుని డాక్టరుకు చూపించాను. వారానికి వంద చొప్పున పెంచుకుంటూ 1650 దాకా వెళ్లమన్నారు. మొదటి వారం ఆ వంద క్యాలరీలు తినడానికి నా చెయ్యి వణికింది. ఇలాంటి భయం ఇంకెవరికైనా ఉంటే నాకు రాయండి, నేను అర్థం చేసుకోగలను.

నాలుగేళ్ల నడక

నర్సమ్మా, మీరు అడ్డుపడకపోతే నా మాట విని ఈవిడ ఇంకో ఏడాదిన్నర శాలువా కప్పుకుని కూర్చునేవారు. నా అనుభవమే అందరిదీ అనుకున్నాను. క్షమించండి. నేను కూడా ఫెర్రిటిన్ చేయించుకుంటాను.

మూడో అంతస్తు (పది వారాల తర్వాత)

హిమోగ్లోబిన్ 12.4, ఫెర్రిటిన్ 27. నిల్వలు నిండేదాకా ఇంకో మూడు నెలలు మాత్ర ఆపొద్దన్నారు. 1650 తింటున్నాను, బరువు 65.3 దగ్గర నిలబడింది. వారానికి మూడు రోజులు బరువులెత్తుతున్నాను. కాఫీ రెండు కప్పులకు తగ్గింది. ఐదో వారంలో ఒక రాత్రి దుప్పటి తన్నేసి నిద్రపోయానని పొద్దున లేచాక గానీ తెలియలేదు. ఎముకల్లోంచి వచ్చే ఆ చలి ఇప్పుడు లేదు. పాత రోజుల్లోలా వెచ్చగా ఉన్నానని మాత్రం చెప్పలేను. ఆఫీసులో ఇప్పటికీ స్వెటర్ ఉండాల్సిందే, ఏసీ కిందనుంచి సీటు మార్చమని అడిగాను, మార్చారు. జుట్టు రాలడం కొంత తగ్గింది. కుర్చీలో దిండు అలాగే ఉంది.

పోయిన వారం నుంచి మళ్లీ అందరం ఒకే గదిలో పడుకుంటున్నాం. ఫ్యాన్‌కు దూరంగా గోడవైపు నేను, నా పక్కన పాప. మొదటి రాత్రి అది నా చేయి తీసుకుని బుగ్గకు ఆనించుకుని చూసింది. "కొంచెం చల్లగానే ఉంది, ఫర్వాలేదు" అని ఆ చేతిని తన దుప్పట్లోకి లాక్కుని నిద్రపోయింది.